సంఘానికి పాత కంప్యూటరు: రెండు పెంటియం ప్రాసెసర్ల తారతమ్యం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు ముగిసింది. అప్పటినుంచి పాల సంఘాలలో కంప్యూటరు మార్చవలెనా, ఉన్నదానినే నడుపుకోవలెనా అన్న ప్రశ్న తరచుగా వస్తున్నది. కొత్త యంత్రం కొనగల స్తోమత అన్ని సంఘాలకూ లేదు. కావున కార్యదర్శులు పట్టణంలోని పాత కంప్యూటర్ల దుకాణాలనుంచి కొటేషన్లు తెచ్చి పాలకవర్గం ముందు పెడుతున్నారు. తనిఖీలలో నా కంటబడిన అటువంటి కాగితాలలో రెండు పేర్లు మాటిమాటికీ కనిపించాయి. ఒకటి ఇంటెల్ వారి పెంటియం జి4400, రెండవది పెంటియం జి4560. పేర్లు చూస్తే అన్నదమ్ముల వలె ఉంటాయి. దుకాణదారు మాత్రం రెండవదానికి వెయ్యో, రెండు వేలో ఎక్కువ అడుగుతాడు. ఆ ఎక్కువ సొమ్ము ఇవ్వదగినదేనా?

వెయ్యి రూపాయలకు ఇంత చర్చ అవసరమా అని కొందరు అనవచ్చు. రోజుకు 200 లీటర్లు సేకరించే చిన్న సంఘం ఒకటి ఉన్నదనుకుందాం. ఖర్చులన్నీ పోగా లీటరుకు 50 పైసలు మిగిలితే రోజుకు వంద రూపాయలు. పన్నెండు వేల రూపాయల కంప్యూటరు అంటే ఆ సంఘానికి నాలుగు నెలల మిగులు. అది బోనసుగా పంచవలసిన సొమ్ము. పూటకు రెండు లీటర్లు పోసే సభ్యురాలికి కూడా అందులో వాటా ఉన్నది. కావున తెలిసి కొనడం అవసరం.

ప్రాసెసరు అనగా కంప్యూటరులో లెక్కకట్టే భాగం. చిన్న చదరపు బిళ్ల. మన సభ్యులకు సులభంగా తెలియడానికి దానిని పాలు పితికే మనిషితో పోల్చి చెబుతాను. జి4400లో ఇద్దరు మనుషులున్నారు. వీరినే కోర్లు అంటారు. జి4560లో కూడా ఇద్దరే. చేతివేగం మాత్రం కొద్దిగా తేడా. జి4400 వేగం 3.3 గిగాహెర్ట్‌జ్, అనగా సెకనుకు 330 కోట్ల అడుగులు. జి4560 వేగం 3.5 గిగాహెర్ట్‌జ్, అనగా 350 కోట్లు. నూటికి ఆరు ఎక్కువ. పితికే పద్ధతి రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. మొదటిది 2015లో, రెండవది 2017 జనవరిలో విడుదలైనప్పటికీ లోపలి నిర్మాణంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇంతవరకే అయితే రెండవదానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వనక్కరలేదని చెప్పి ఈ వ్యాసం ఇక్కడితో ముగించేవాడిని.

అసలు తేడా మరొకచోట ఉన్నది. గేదె దగ్గర కూర్చున్న మనిషి చేతులు ఎప్పుడూ ఆడుతూనే ఉండవు. దూడను విడిచి, గేదె చేపేవరకు ఆగవలసి ఉంటుంది. ఆ కొద్దిసేపు చేతులు ఖాళీ. పక్కనే మరొక గేదెను కూడా కట్టి ఉంచితే, ఇది చేపేలోగా దాని పొదుగు మీద చెయ్యి వేయవచ్చు. మనిషి ఒక్కడే, చేతులు రెండే, కాని కాలం వృథా పోదు. జి4560లో చేసిన ఏర్పాటు అదే. ఒక్కొక్క కోరుకు రెండేసి పనుల వరుసలు కట్టారు. ఈ ఏర్పాటును హైపర్ థ్రెడింగ్ అంటారు, ఆ వరుసలను థ్రెడ్లు అంటారు. జి4400లో రెండు కోర్లకు రెండే థ్రెడ్లు. జి4560లో రెండు కోర్లకు నాలుగు థ్రెడ్లు.

ఇక్కడ దుకాణదారులు ఒక చమత్కారం చేస్తారు. నాలుగు థ్రెడ్లు గనుక వేగం రెండింతలు అంటారు. అది సరికాదు. ఇద్దరు మనుషులకు నాలుగు గేదెలను కట్టినంత మాత్రాన నలుగురు పితికినట్లు కాదుగదా. ఒకేసారి అనేక పనులు నడిచేటప్పుడు ఈ ఏర్పాటువల్ల సుమారు పావు వంతు లాభం వస్తుంది. పనిని బట్టి కొంచెం ఎక్కువో తక్కువో ఉంటుంది. దానికి చేతివేగంలోని ఆరు శాతం కూడా కలిపితే జి4560 మొత్తం మీద మూడో వంతు ప్రాంతంలో ముందుంటుంది. జి4400 గంటలో ముగించే పనిని ఇది ముప్పావు గంటలో ముగిస్తుంది. అయితే ఒకే ఒక్క పని నడుస్తున్నప్పుడు రెండో గేదె లేదు గనుక మిగిలేది ఆ ఆరు శాతమే. గంట పని యాభైఆరు, యాభైఏడు నిమిషాలవుతుంది.

మిగిలిన విషయాలు త్వరగా చెప్పవచ్చు. ప్రాసెసరు చేతికందేటట్లు పెట్టుకునే చిన్న నిల్వ, క్యాష్ అంటారు, రెండింటికీ 3 మెగాబైట్లే. వేడిమి పరిమితి రెండింటికీ 54 వాట్లు. బొమ్మ చూపే భాగం లోపలే ఉన్నది. జి4560లోనిది కొంచెం మెరుగు, కాని పాల లెక్కలకు దానితో పని లేదు. విద్యుత్తు బిల్లులో కూడా తేడా వెతకవద్దు. తెరతో సహా యంత్రం సగటున 60 వాట్లు వాడుతుందనుకుంటే, పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు నడిచినా నెలకు 11 యూనిట్లు. రెండింటిలో ఏది పెట్టినా అంతే.

ఒక సంగతి మాత్రం విశేషం. విడుదలైనప్పుడు అమెరికాలో ఈ రెండింటి జాబితా ధర ఇంచుమించు సమానం, 64 డాలర్లు. అదే 2017లో ఐ3-7100 అనే ప్రాసెసరు ధర 117 డాలర్లు. దానికీ రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, 3 మెగాబైట్ల క్యాషే. వేగం 3.9 గిగాహెర్ట్‌జ్. అంటే సుమారు సగం ధరకే ఐ3లో చాలా భాగం జి4560లో దొరికింది. ఆ రోజుల్లో దానికి మంచి పేరు రావడానికి కారణం ఇదే. ఈనాడు పాత బజారులో ఎక్కువ ధర పలకడం కూడా ఆ పేరువల్లనే.

పాలు పోసే వేళ తేడా తెలుస్తుందా?

తెలియదు. ఇది స్పష్టంగా చెప్పవలసిన విషయం.

కిటికీ దగ్గర జరిగే పని సభ్యులందరికీ తెలిసినదే. సభ్యుని నెంబరు కొట్టడం, తూకం అంకె రావడం, నమూనా పాలు ఎనలైజరులో పెట్టడం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అంకెలు రావడం, చీటీ అచ్చు కావడం. ఇందులో ఎక్కువ సమయం పట్టేది ఎనలైజరుకే. ఒక్కొక్క నమూనాకు సాధారణంగా అరనిమిషంనుంచి నిమిషం వరకు తీసుకుంటుంది. కంప్యూటరు చేసే లెక్క రెప్పపాటులో అయిపోతుంది. యాభై మంది వరుసలో నిలబడితే వారి ఆలస్యాన్ని జి4560 ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. బడికి పోయే పిల్లల తల్లులు క్యాను పట్టుకుని తొందరపడుతుంటే, వరుస తగ్గాలని పెద్ద ప్రాసెసరు కొంటామనే పాలకవర్గాలున్నాయి. ఆ సొమ్ముతో ఎనలైజరును వేళకు శుభ్రం చేయించి, సరిచూపించుకుంటే ఎక్కువ ప్రయోజనం.

తేడా తెలిసేది బిల్లు రోజున. పది రోజులకో, పదిహేను రోజులకో వచ్చే ఆ రోజున కార్యదర్శి ఒకవైపు బిల్లుల ప్రోగ్రాము తెరుస్తాడు. ఇంకొకవైపు దాణా, అప్పుల మినహాయింపుల పట్టిక ఉంటుంది. బ్యాంకుకు పంపే జాబితా తయారు చేయాలి. ఇంటర్నెట్ తెరిచి ఉంటుంది. అప్పుడే వైరస్ నిరోధక ప్రోగ్రాము కూడా తన తనిఖీ మొదలుపెడుతుంది. ఇన్ని పనులు కలిసినప్పుడు జి4400 ఉక్కిరిబిక్కిరి అవుతుంది, జి4560 కొంత నిదానంగానైనా నెట్టుకుపోతుంది. ఆ పూట బిల్లు తేలకపోతే సభ్యుల ఖాతాలో సొమ్ము పడడం మరునాటికి జారుతుంది. తెలకపిండి బాకీ తీర్చవలసినవారికి ఒక రోజు కూడా ఎక్కువే.

అయితే యంత్రం ఆగిపోయిన ప్రతిసారీ తప్పు ప్రాసెసరుదే అనుకోరాదు. ఒక సంఘంలో కంప్యూటరు పనికిరాదని, కొత్తది కొనాలని తీర్మానం వ్రాసి సంతకాలకు సిద్ధంగా ఉంచారు. నేను వెళ్లింది సరిగ్గా బిల్లు రోజు. యంత్రంలో ఉన్నది జి4400. టాస్క్ మేనేజర్ తెరిపించి చూశాను. ప్రాసెసరు వాడకం ముప్పై శాతం కూడా లేదు. డిస్క్ దగ్గర మాత్రం వంద శాతం అని ఎర్రగా నిలబడి ఉన్నది. పాత తిరుగుడు హార్డ్ డిస్క్, 4 గిగాబైట్ల ర్యామ్. మళ్లీ మన భాషలో చెప్పాలంటే, పితికేవాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. దాణా కొట్టులో బస్తా అయిపోయి, పిడికెడు పిడికెడు చొప్పున ఊరవతల గిడ్డంగినుంచి మోసుకొస్తున్నారు. ర్యామ్ ఆ కొట్టు, హార్డ్ డిస్క్ ఆ గిడ్డంగి. పితికేవాడిని మార్చి ఏమి లాభం?

తీర్మానం ఆపించి, హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్.ఎస్.డి. వేయించి, మరొక 4 గిగాబైట్ల ర్యామ్ కార్డు పెట్టించారు. కొటేషనులో అడిగిన మొత్తంలో నాలుగో వంతు కూడా కాలేదు. అంతకుముందు స్విచ్చి వేసి టీ తాగి వచ్చేవారు. ఇప్పుడు అరనిమిషంలో తెర సిద్ధంగా ఉంటున్నది. ప్రాసెసరు అదే జి4400. కావున నా అభిప్రాయం ఇది. జి4400 ఉన్న సంఘం దానిని పారవేసి జి4560 కొనవద్దు. ముందు ఎస్.ఎస్.డి., తరువాత ర్యామ్ 8 గిగాబైట్లు. ఆ రెండూ చేసినా బిల్లు రోజున ఇబ్బంది ఉంటేనే ప్రాసెసరు మాట ఎత్తవలె.

ర్యామ్ కొనేముందు ఒక జాగ్రత్త. ఈ ప్రాసెసర్లకు వచ్చిన బోర్డులు రెండు రకాలు. కొన్నింటికి డి.డి.ఆర్.4, కొన్నింటికి డి.డి.ఆర్.3ఎల్. ఒకదాని కార్డు మరొకదానిలో పట్టదు. ఉన్న కార్డును విప్పి దుకాణానికి తీసుకుపోవడం మంచిది.

ప్రాసెసరు ఒక్కటే మార్చవచ్చునా అని కొందరు అడిగారు. మార్చవచ్చు. రెండూ ఎల్.జి.ఎ.1151 అనే ఒకే రకం గూటిలో కూర్చుంటాయి. కాని జి4400తో వచ్చిన పాత బోర్డు జి4560ను గుర్తించాలంటే ముందుగా బోర్డులోని బయాస్‌ను కొత్తదానికి మార్చవలె. పాత ప్రాసెసరు ఉండగానే ఆ పని ముగించాలి. మార్చుతుండగా కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుంది. మన గ్రామాల కరెంటు సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. యూ.పి.ఎస్. బాగా చార్జి అయి ఉన్నచోట, దుకాణంలోనే చేయించవలె. పాల వాసనకు చీమలు ముసిరే సంఘం గదిలో బల్లమీద యంత్రం విప్పించడం నాకు సమ్మతం కాదు.

విండోస్ 11 విషయం

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతికి వస్తాను. ఇంటెల్ లెక్కలో జి4400 ఆరవ తరానిది, జి4560 ఏడవ తరానిది. మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 11కు ఒప్పుకునే ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా దాదాపుగా ఎనిమిదవ తరంనుంచి మొదలవుతుంది. ఈ రెండూ అందులో లేవు. జి4560 రెండేళ్లు చిన్నది గనుక విండోస్ 11 వస్తుందని చెప్పి అమ్మితే నమ్మవద్దు. దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవారున్నారు. యంత్రం నడుస్తుంది. కాని అటువంటి యంత్రాలకు తరువాతి సవరణలు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ వారే చెప్పారు. పోనీ, బోర్డు అలాగే ఉంచి ఎనిమిదవ తరం ప్రాసెసరు పెడదామంటే, గూడు పేరు ఎల్.జి.ఎ.1151 అయినా, ఆ పాత బోర్డులు దానిని అంగీకరించవు. ఈ పేరు చూసి మోసపోయినవారు చదువుకున్నవారిలోనే ఎక్కువ.

సంస్థలు విండోస్ 10కి డబ్బు చెల్లించి అదనపు భద్రతా సవరణలు పొందే ఏర్పాటు ఒకటి ఉన్నది. 2028 అక్టోబర్ వరకు, మూడేళ్లు మాత్రమే. మొదటి ఏడాది యంత్రానికి 61 డాలర్లని, ఏటేటా రెట్టింపని ప్రకటించారు. ప్రాసెసరే 64 డాలర్లకు వచ్చినదని పైన వ్రాశాను. గేదె ఖరీదుకు సమానంగా మేత ఖర్చు పెట్టినట్లు ఉంటుంది. చిన్న సంఘాలకు ఇది నప్పదు.

అందువల్ల ఈ రెండింటిలో ఏది కొన్నా ఒక కట్టుబాటు పెట్టుకోవలె. పాల తూకం, వెన్న శాతం, చీటీ, బిల్లు, ఈ పనులను ఇంటర్నెట్ కలపకుండా ఆ యంత్రంమీద నిశ్చింతగా చేసుకోవచ్చు. సంఘం బ్యాంకు ఖాతాను మాత్రం మద్దతు పోయిన విండోస్ ఉన్న యంత్రంలో తెరవవద్దు. సేకరణ వివరాలను రోజూ ఇంటర్నెట్ ద్వారా యూనియన్‌కు పంపవలసిన సంఘాలు ఈ రెండింటి జోలికి పోకుండా, జాబితాలో ఉన్న ప్రాసెసరు చూసుకోవడం మేలు. 2018లో వచ్చిన పెంటియం గోల్డ్ జి5400 అటువంటిది. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, 3.7 గిగాహెర్ట్‌జ్, 4 మెగాబైట్ల క్యాష్. వేగంలో జి4560కంటె కొంచెమే ముందున్నా విండోస్ 11 జాబితాలో ఉన్నది. పాత బజారులో జి4560కు, దీనికి ధర దగ్గరదగ్గరగా ఉంటే నేను దీనినే సిఫారసు చేస్తాను.

ఇక జి4400, జి4560 మధ్యనే ఎంచుకోవలసి వస్తే, మొత్తం యంత్రం ధరలో తేడా ఐదు వందల లోపు ఉన్నంతవరకు జి4560 తీసుకోవచ్చు. అంతకుమించి అడిగితే జి4400 తీసుకుని మిగిలిన సొమ్ము ఎస్.ఎస్.డి.కి పెట్టవలె. బిల్లు రోజున ఎస్.ఎస్.డి. ఉన్న జి4400 తిరుగుడు డిస్క్ ఉన్న జి4560ను అవలీలగా దాటిపోతుంది.

ప్రాసెసరుకంటె ముందు చూడవలసినది మరొకటి ఉన్నది. యంత్రం వెనుక తొమ్మిది సూదుల కామ్ పోర్టు ఉన్నదా? మన తూకం యంత్రాలు, ఎనలైజర్లు చాలావరకు దానిద్వారానే కంప్యూటరుకు కలుస్తాయి. అది లేకపోతే యు.ఎస్.బి.నుంచి మార్చే తీగ కొనాలి. ఆ తీగలలో నాసిరకానివి మధ్యమధ్య అంకెలు మింగేస్తాయి. తూకం రాకపోతే ప్రాసెసరు ఎంత గొప్పదైనా చీటీ రాదు. ఆఫీసులలో వాడి తీసివేసిన యంత్రాలలో కొన్నింటికి ఈ పోర్టు ఉంటుంది గనుక వెతికి తీసుకోవలె.

కొనేచోట సరిచూసుకోవడం ఎలా అంటే, పెట్టెమీద అంటించిన బిళ్లను చూడవద్దు. యంత్రం నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ అనే పేజీ తెరవమనండి. పైన ప్రాసెసరు పేరు, నెంబరు ఉంటాయి. కింద కోర్స్, లాజికల్ ప్రాసెసర్స్ అని రెండు అంకెలుంటాయి. జి4400 అయితే 2, 2. జి4560 అయితే 2, 4. పేరు జి4560 అని ఉండి రెండు అంకెలూ 2, 2 అని చూపితే బయాస్‌లో హైపర్ థ్రెడింగ్ ఆపివేసి ఉండవచ్చు. అది తిరిగి పెట్టించి చూపమనండి.

ఇంత వివరంగా వ్రాయడానికి కారణం ఉన్నది. ఒక సంఘం వారు ఐ3 ధర ఇచ్చి యంత్రం కొన్నారు. పెట్టెమీద ఐ3 బిళ్ల ఉన్నది. తనిఖీలో తెరిచి చూస్తే జి4400. బిల్లులో వ్రాసినది "కంప్యూటరు సెట్టు ఒకటి" అని మాత్రమే. దుకాణదారు తాను ఐ3 అని చెప్పనే లేదన్నాడు. కాగితం లేనందున అడిగే దారి లేకపోయింది. ఆ కార్యదర్శి పైసా తినని మనిషి, పాలు పోసే ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. అయినా మహాజనసభలో లేచి నిలబడి తేడా సొమ్ముకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. మూడు రోజులు సంఘానికి రాలేదు. ఆ మూడు రోజులు అతని కొడుకు కిటికీ దగ్గర కూర్చుని పాలు పోయించుకున్నాడు.

కావున బిల్లులో ప్రాసెసరు పేరు, నెంబరు, ర్యామ్ ఎంత, ఏ రకం, ఎస్.ఎస్.డి. ఎంత, గ్యారంటీ ఎన్ని నెలలు అన్నవి విడివిడిగా వ్రాయించుకోవలె. అవే వివరాలు డెడ్ స్టాక్ రిజిస్టరులో ఎక్కించాలి. యంత్రం మార్చిన తరువాత మొదటి బిల్లు కాలం పూర్తయ్యేవరకు చేతి రిజిస్టరు కూడా పక్కనే నడపండి. రెండు మొత్తాలు సరిపోయిన రోజున పాత హార్డ్ డిస్కును విప్పి, తేదీ వ్రాసి, సంఘం బీరువాలో పెట్టి తాళం వేయండి. పాత యంత్రం అమ్మినా ఆ డిస్కును మాత్రం దానితో పంపవద్దు. సభ్యుల ఖాతా నెంబర్లన్నీ అందులోనే ఉన్నాయి.